ఏ దేవునికీ కాని ఒక్కపొద్దు

నేను ముప్ఫై దినాలు వీగన్‌గా ఉన్న. దీని వెనక పెద్ద కారణం ఏదన్నా ఉంటే చెప్పుకునేటందుకు బాగుండేది. ఏ ఆవో కండ్లల్ల నీళ్లు పెట్టుకొని నా దిక్కు చూసిందనో, ఏ డాక్టరో బల్ల గుద్ది చెప్పిండనో. అట్లాంటిదేం లేదు. నేను కరీంనగర్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్త. ఒకనాడు ఎవరిదో ఫోన్‌కు కొత్త తెర వేసి, పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక వీడియో పెట్టిన. అందులో ఒకాయన పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, తేనె, జీవాల నుంచి వచ్చేదేదీ ముట్టకుండ నెల రోజులు ఉండి చూడమంటుండు. తెర మంచిగనే ఉంది. ఆయన మాట కూడ మంచిగనే ఉంది. ఆ పూట అప్పటికే ఐదు చాయ్‌లు తాగి ఉన్న. నాలోంచి పాలు తీసేస్తే ఏం మిగులుతదో చూడాలనిపించింది. అంతే.

సుల్తానాబాద్‌లో మా ఇంట్లో బర్రె ఉంది. దాన్ని వాకిట్లో కట్టేసుకొని పాలు మానుడంటే కల్లు మండువాలో కూసోని తాగుడు మానినట్టే. అయినా మర్నాడు పొద్దుగాల మా అమ్మ, మేం అవ్వ అంటం, చాయ్ తెస్తే వద్దన్న. ఎందుకంటే వీగన్ అన్న. మా దిక్కు వీడు ఈడైతడు, వీపు ఈపైతది. అట్లనే ఆ మాట కూడ అవ్వ చెవులకు పోయేసరికి తోక తెంపుకొని పోయింది.

"ఈగనా? ఏది ఈగ?" అని గిలాసలోకి వంగి చూసింది. ఈగ దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపమొచ్చింది. "ఇరువై ఆరేండ్లసంది పాలు పోస్తున్న. ఒక్కనాడన్న ఈగ పడ్డ పాలు పోసిన్నా నీకు?"

అది ఈగ కాదని, ఒక పద్ధతని, దూడ పాలు దూడకే ఉండాలంటరని అరగంట చెప్పిన. బాపు పక్కనే కూసోని పండ్లు తోముకుంటూ అంతా విన్నడు. పుక్కిలించి ఊంచి, ఒక్కటే అడిగిండు.

"బర్రెకు చెప్పినవా?"

చెప్పలేదన్న. ఆయన తువ్వాల భుజం మీద వేసుకొని పొలానికి పోయిండు. మా ఇంట్లో వీగనిజం మీద జరిగిన చర్చ మొత్తం ఇంతే.

మొదటివారం నాకు విచిత్రంగ అనిపించింది. కష్టపడదామని సిద్ధమై కూసుంటే కష్టం రాలేదు. పొద్దుగాల సర్వపిండి, దాంట్లో బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు. మధ్యాహ్నం అన్నం, తొక్కు, పప్పు. సాయంత్రం ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు. రాత్రి జొన్నరొట్టె, వంకాయ కూర. ఇన్నేండ్లు నేను తిన్నదాంట్లో సగానికి ఎక్కువ వీగనే, ఎవరూ నాకు చెప్పలేదు. అవ్వకు చెప్తే, తను పుట్టినకాడికెల్లి అదే తింటున్నదని, ఎవ్వలూ వీడియో తియ్యలేదని అన్నది.

చిక్కల్లా చాయ్‌తోనే వచ్చింది. కరీంనగర్ బస్టాండు కాడ నేను రోజూ తాగే బండాయన దగ్గర పాలు లేని చాయ్ అడిగిన. మా దిక్కు అది కడుపు ఖరాబైనోడు తాగేది. ఆయన నా మొఖం దిక్కు జాలిగ చూసి, నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేసి ఇచ్చిండు. ఎన్నిసార్లు పోయి వచ్చినవని కూడ మెల్లగ అడిగిండు. మూడు దినాలకు పక్కనున్నోళ్లు కూడ అడగబట్టిండ్రు. సోయాపాల ప్యాకెట్ ఒకటి కొని ఇంట్లో చాయ్‌లో పోస్తే ఇరిగిపోయింది. అవ్వ ఆ గిన్నెను బర్రె ముంగట పెట్టింది. బర్రె వాసన చూసి మొఖం తిప్పుకున్నది. ఆ దినమంతా అవ్వ సంతోషంగ ఉన్నది.

మెల్లమెల్లగ నాకు ఒకటి అర్థమైంది. మేం ఒక్కళ్లం ఉన్నప్పుడు తినేది వేరు, మనిషి ఇంటికొస్తే పెట్టేది వేరు. మొదటిదాంట్లో పాలుండవు, మాంసముండదు. రెండోదాంట్లో అవి తప్ప ఏముండవు. వీగన్‌గా ఉండుడు నా ఇంట్లో సులువు. ఇంకొకరి ఇంటికి పోనంతవరకే.

పోవాల్సి వచ్చింది. అది చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి.

బాపుకు ఒక్కతే అక్క. చెన్నూరులో ఉంటది. నానమ్మ పొద్దంతా కూలికి పోతే బాపును సంకల పెట్టుకొని పెంచింది ఆమెనే. మూడేండ్ల కింద మా అక్క పెండ్లయింది. చుట్టాలను పిలవాలంటే ఇంటికి పోయి, ఆడోళ్లకు బొట్టు పెట్టి పిలవాలె. బాపు పనుల రంధిలో పడి, రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంట, తన అక్కనే గదా అని కార్డు ఫొటో తీయించి ఆమె ఫోన్‌కు పంపిండు. ఆ ఫొటో తీసి పంపింది నేనే, అదొకటి. అత్త పెండ్లికి రాలే. ఫోన్ చేసి ఒక్క మాట అన్నది: "ఫోన్ల బొట్టు పెట్టించుకునేదాన్ని గాదు. ఇగ మీ ఇంట్ల నీళ్లు గూడ ముట్ట."

మా దిక్కు ఇది ఉత్త మాట కాదు. ఒకరింట్లో నీళ్లు ముట్టనన్నరంటే పగ ఉన్నట్టు. మళ్లీ ఏదన్నా ముడితే పగ పోయినట్టు. నడుమ వేరే రాతకోతలేం ఉండవు. అప్పటిసంది మూడు రాఖీ పున్నాలు పోయినయి. మా ఊరిలో ఆ దినం మొగోళ్లు మోచేతి దాకా రాఖీలతో తిరుగుతరు. బాపు మాత్రం పొడుగు చేతుల అంగీ వేసుకొని గుండీ పెట్టుకుంటడు. శ్రావణంలో, ఆ ఉక్కపోతలో.

ఈసారి శ్రావణం ముంగట బాపు ఒక్క వారంలో మూడుసార్లు, చెన్నూరు దిక్కు వానలు ఎట్లున్నయో అన్నడు. మాకు చెన్నూరులో పొలం లేదు. అవ్వ ఆ మాట అర్థం చేసుకొని, మూడేండ్ల కింది బొట్టు ఇప్పుడన్నా పెట్టొస్తనన్నది. నాట్లున్నయి, నేను రానన్నడు బాపు. అందుకే నా బండి మీద అవ్వ, ఆమె ఒళ్లో కుంకుమ భరిణె, చీర, పండ్లు. పెద్దపల్లి, మంచిర్యాల మీదికెల్లి పోయినం. వీగన్‌గా నాకది పందొమ్మిదో దినం. దారి పొడుగునా అది నాకు యాదికి రాలేదు, అవ్వకూ రాలేదు.

అత్త మమ్మల్ని చూసింది. పీట వేసింది. అవ్వ బొట్టు పెడితే నుదురు ముంగటికి పెట్టింది. అది మంచి గుర్తు. లోపలికి పోయి చాయ్ పెట్టింది, చిక్కటి పాలది, మీద మీగడ తేలుతుంటే. అవ్వ అందుకొని తాగింది. నా గిలాస నా ముంగట ఉన్నది.

"తాగు అల్లుడా, సల్లారుతది."

"నేను పాలు తాగుత లేనత్తా" అన్న. ఆ మాట నోట్లోంచి దాటినంక దాని బరువు తెలిసింది.

అవ్వ నా తొడ మీద గిచ్చింది. చేతిలో గిలాస పెట్టుకొని అంత గట్టిగ ఎట్లా గిచ్చిందో ఇప్పటికీ తెలువదు. అత్త, ఎప్పటిసంది తాగుతలేవని అడిగింది. పందొమ్మిది దినాలని చెప్పిన. అవ్వ ఉరికొచ్చినట్టు, ఒక్కపొద్దున్నడు వదినె అని అందుకున్నది. దేవునికి మొక్కి ఉపాసముంటే ఎవరూ ఏమనరు, చాయ్ కాదంటే తప్పు కాదు. మంచి అబద్ధం. నేను నోరు మూసుకుంటే ఐపోయేది.

"ఏ దేవునికిరా?"

ముక్కోటి దేవతలు ఉన్నరు. ఒక్క పేరు చెప్పొచ్చు. నాకు ఆ గడియలో ఒక్కరూ యాదికి రాలే.

"ఏ దేవునికి గాదత్తా."

"దేవుడు లేని ఒక్కపొద్దు ఏందిరా?"

మళ్లీ దూడ సంగతి చెప్పిన. ఆమె సాంతం విన్నది. తమ బర్రెను దూడ తాగినంకనే పిండుతమని, కావాలంటే దొడ్లోకి పోయి దాన్నే అడగమని అన్నది. తర్వాత నన్ను వదిలిపెట్టి అవ్వ దిక్కు తిరిగింది. గొంతు పెంచలే.

"పిల్లా, మీరు బొట్టు తెచ్చిండ్రు, నేను పెట్టించుకున్న. గని నా తమ్ముని కొడుకు నా ఇంట్ల చాయ్ ముట్టలే. గీడు ముట్టలేదంటే నా తమ్ముడు ముట్టనట్టే. నేను పున్నానికి రానని చెప్పు మీ ఆయనకు."

నేను వీగన్ అయింది నాలో ఏం మిగులుతదో చూడాలని. ఇప్పుడు మా బాపు చెయ్యి నాలుగో ఏడు కూడ ఉత్తదే మిగులుతుందని తేలింది. ఇగ చూసింది చాలనుకొని గిలాస అందుకున్న. నోటి దాకా వచ్చింది. అత్త లటుక్కున గుంజుకున్నది. సగం చాయ్ నా అంగీ మీద పడ్డది.

"ఆగురా. ఏ దేవునిదైతేంది, పందొమ్మిది దినాలు పట్టినవు. చెడగొట్టిన పాపం నాకేనా? నా ఇంట్లనే చెడాల్నా?"

అంటే తాగితే పాపం, తాగకుంటే పగ. ముగ్గురం ఆ గిలాస దిక్కు చూసుకుంట కూసున్నం. అవ్వ మెల్లగ, పోనీ మంచినీళ్లు తాగుతడని అన్నది. కరెంటు బిల్లు కొట్టనొచ్చినోనికి కూడ నీళ్లు ఇస్తమని అత్త తీసిపారేసింది.

ఆఖరికి అత్త లేచింది. ఏం ముడుతవో నువ్వే చెప్పమని వంటింట్లోకి తోల్కపోయింది. ఒక్కొక్క మూత తీసుడు, నేను తల అడ్డంగ ఊపుడు. పెరుగు కాదు. నెయ్యి కాదు. గుడ్లు కాదు. మా కోసమని ఆమె మనసులో కోసిపెట్టుకున్న కోడి దొడ్లో తిరుగుతుంటే కిటికీలోంచి చూపించింది, అది కూడ కాదు. తేనె సీసా తీస్తే అదీ వద్దన్న.

"తేనె ఎందుకొద్దురా?"

"అది ఈగల కష్టం గదత్తా."

"ఓ, గందుకా ఈగన్ అంటరు" అన్నది. ఇన్నిదినాలల్ల ఆ మాటకు అర్థం చెప్పిన మొదటి మనిషి ఆమెనే. నేను కాదనలే.

మిగిలింది చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు. అంటే పచ్చిపులుసు. కూర లేని దినం, మనిషి రాని దినం చేసుకునేది. అత్త మొఖం మాడిపోయింది. మూడేండ్లకు వచ్చిన అల్లునికి పచ్చిపులుసు పెట్టిందంటే వాడకట్టంతా నవ్వుతదన్నది. పోయి ముంగటి తలుపు గొళ్లెం పెట్టి వచ్చింది. దొంగతనంగ వండినట్టే వండింది. మిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిగడ్డతో కలిపి చేత్తోనే పిసికి, చింతపండు రసం పోసి, నువ్వుల పొడి చల్లి పోపు పెట్టింది. పొగకు ముగ్గురం దగ్గినం. తలుపు తియ్యనియ్యలే.

నేను తిన్న. మర్యాదకు కాదు, అది నిజంగనే బాగుంది. రెండోసారి అడిగి పోయించుకున్న. మూడోసారి పళ్లెం ఎత్తి జుర్రిన. అప్పటిదాకా తలుపు దిక్కే చూస్తున్న అత్త నా దిక్కు చూసింది.

"గిట్లనే జుర్రేటోడు మీ నాయన. నాకు సుక్క మిగిల్చేటోడు గాదు" అన్నది. నా పళ్లెం అందుకొని, "సన్నగైండా?" అని అడిగింది.

అవ్వ, కాలేదని చెప్పబోయి, జర సన్నగైండు అన్నది. ఆ దినం ఆమె ఆడిన రెండో అబద్ధం. ఇది పనిచేసింది. మేం బండెక్కంగ అత్త పున్నానికి వస్తనన్నది. పచ్చిపులుసు సంగతి మాత్రం ఎక్కడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది. ఏడాదన్నా దాటలేదు, ఇక్కడ రాస్తున్న. క్షమించాలె.

పున్నం నాడు పదకొండు గంటలకు అత్త బస్సు దిగింది. బాపు పొద్దున్నుంచి వాకిట్లో ఉన్నడు, బర్రెను మూడుసార్లు కడిగిండు. అవ్వ నీళ్ల చెంబు ఇచ్చింది. అత్త చెంబు పట్టుకొని కొంచెం ఆగింది. తర్వాత ఎత్తి గటగట తాగింది. రాఖీ కట్టి, బాపు నోట్లో పేడా పెట్టి, నువ్వేం సన్నగ కాలేదని బాపును, అబద్ధాలాడుతరని అవ్వను ఒకేసారి తిట్టింది. నాకు వేరే డబ్బాలో నువ్వుల ముద్దలు తెచ్చింది. ఇది ఈగన్ డబ్బా, ఎవ్వలూ ముట్టొద్దని చెప్పింది.

ముప్ఫై దినాలు ఐనంక ముప్ఫై ఒకటో దినం చాయ్ తాగిన. బాగుంది. ఏదో జ్ఞానం వస్తదనుకున్న, రాలే. ఐదు చాయ్‌లు మాత్రం రెండైనయి. ఎందుకో నాకూ తెలువదు.

ఆ వారమే బాపు పొలంలో యూరియా చల్లుతుంటే నేనూ పోయిన. రాఖీ తడవద్దని కుడిచేతి మణికట్టుకు ప్లాస్టిక్ కవరు చుట్టి, సుతిలితో కట్టుకున్నడు. ఒడ్డు మీద పోయేటాయన చూసి, చెయ్యి ఇరిగిందా ఏందని అడిగిండు.

"మా అక్క అచ్చింది" అన్నడు బాపు, తల ఎత్తకుండనే.

అడిగినాయన ఆ కవరు దిక్కు ఒకసారి చూసి, అక్క వచ్చి చెయ్యి ఇరగ్గొట్టిందనుకొని పోయిండు.