క్రిస్మస్ ముందురోజు చెరుకు బండి

మా చిన్నప్పుడు... బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఎడ్లబండ్లు రోడ్డు పొడవునా బారులు తీరి ఉన్నాయి. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం అది. నేనూ, చెల్లె రూతూ కొత్త గౌన్లు వేసుకుని, సద్దిగిన్నె పట్టుకున్న అవ్వ వెంట, ఆ బండ్ల మధ్య బాపును వెతుక్కుంటూ నడుస్తున్నాం. అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం.

ఏటా ఆ రోజు బాపు మమ్మల్ని నిజామాబాద్ తీసుకుపోయేవాడు. చర్చిలో గడ్డితో కట్టిన పశువుల పాక, అందులో బాలయేసు, గొర్రెల బొమ్మలు... అవి చూసి, బస్టాండు దగ్గరి బేకరీలో కేకు కొనుక్కుని రావడం. ఏడాదికి ఒక్కటే కేకు.

ఆ ఏడు మాత్రం బాపు బండి దగ్గర్నుంచి కదిలేలా లేడు. ముందు ఇంకా నలభై బండ్లున్నాయట. నంబరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే బండిని పక్కకు లాగేస్తారు, మళ్లీ వరుస చివరికి పోవాలి. ఈలోగా చెరుకు ఎండి తూకం పోతుంది.

రూతు ఏడుపు అందుకుంది. నేను పెద్దదాన్ని కదా... పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

మా వెనక బండి సూర్యారావు గారిది. గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న క్యాంపులో స్థిరపడిన రైతు. దసరా ముందు కాలువ నీళ్ల వంతు దగ్గర ఆయనా బాపూ పారలు ఎత్తుకునేదాకా వచ్చారు. అప్పట్నుంచి మాటల్లేవు. రెండు రోజులుగా ముందూ వెనకా నిలబడి కూడా పలకరించుకోలేదట.

అలాంటిది ఆయనే దిగి వచ్చాడు.

"పిల్లల్ని ఏడిపించడం దేనికి సామేలూ, వెళ్లు. బండి నేను చూస్తాను."

బాపు అవ్వ వైపు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు. "గీయన చేతుల వెట్టి పోవాల్నా?"

అవ్వ రూతును చూసింది, ఆయన్ను చూసింది. చీకటి పడేలోపు వచ్చేద్దామంది.

బస్సులో బాపు కిటికీలోంచి వెనక్కి, బండ్ల వైపే చూశాడు. చర్చి దగ్గర జనం... పాక ముందు మేం మోకాళ్ల మీద కూర్చుంటే, బాపు పక్కనున్నాయన్ను టైమెంతైందని అడుగుతున్నాడు. దీపాలు వెలిగేదాకా ఉందామంది రూతు. వద్దని దాని చెయ్యి పట్టి లేపాడు. బేకరీలో కేకుల వాసనకు నోరూరింది గానీ, నా చూపు బాపు ముఖం మీదికే పోయింది. బాపును ఇట్లా లాక్కొచ్చింది మేమే కదా అనిపించింది.

తిరుగు బస్సు ఎడపల్లి దగ్గర ఆగిపోయింది. చెరుకు ట్రాలీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా కూలబడింది. బాపు దిగి, తెలియనివాళ్లతో కలిసి మోపులు పక్కకు విసరసాగాడు. కిటికీలోంచి చూస్తున్నాను... వెలుతురు తగ్గిపోతోంది.

మేం గేటు చేరేసరికి మసక చీకటి పడింది. మా బండి ఉండాల్సిన చోట ఎవరిదో బండి ఉంది. సూర్యారావు గారి బండి రోడ్డు పక్కకు లాగేసి ఉంది. ఎడ్లు విప్పి ఉన్నాయి, మనిషి లేడు.

"జెప్పిన గదా" అన్నాడు బాపు. అంతే. అవ్వ కేకు డబ్బాను కొంగు కిందికి జరుపుకుంది.

బాపు గేటు వైపు పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఖాళీ బండి ఒకటి బయటికి వచ్చింది. మా ఎడ్లే. నొగల మీద సూర్యారావు గారు, చేతిలో తూకం చీటీ.

వరుస అనుకున్నదానికంటే ముందే కదిలిందట. బాపు నంబరు పిలిస్తే ఆయనే తోలుకుపోయాడు. లోపల కాంటా దగ్గర ఉండగానే ఆయన నంబరు పిలిచారు.

"మరి మీది?" అన్నాడు బాపు.

"చివరికి పొమ్మన్నారు. రేపు అవుతుందిలే."

బాపు ఆ చీటీ అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన చేతిలోంచి ములుగర్ర తీసుకున్నాడు.

"మీరు ఇంటికి పోండ్రి. మావోళ్లను గూడ దింపుండ్రి. మీ బండి కాడ నేనుంట."

పొద్దున పండగ ప్రార్థన సంగతేమిటని అవ్వ అడిగింది. మమ్మల్ని పొమ్మన్నాడు, అంతే.

మా ఊరి దారిలోనే ఆయన క్యాంపు. ఖాళీ బండిలో పోతూ అవ్వ కేకు కోసి, జంకుతూనే ఆయనకొక ముక్క అందించింది. గుడ్లు వేస్తారా అని అడిగాడు. వేస్తారంది. ధనుర్మాసం, తాను తిననన్నాడు. కానీ వెనక్కి ఇవ్వలేదు. మనవరాలికిస్తానని కండువా కొసన జాగ్రత్తగా ముడేసుకున్నాడు.

మర్నాడు చర్చిలో బాపు లేని మొదటి క్రిస్మస్. అవ్వ పాట పాడుతూ తలుపు వైపే చూసింది. మధ్యాహ్నం వచ్చాడు, జుట్టు నిండా చెరుకాకు తునకలతో. సూర్యారావు గారి బండి తూకం అయిపోయిందని చెప్పి, నిలబడే కేకు తిని, పడుకున్నాడు.

ఆ ఎండాకాలం కాలువ దగ్గర వాళ్లిద్దరూ మళ్లీ కొట్లాడుకున్నారు. అది మారలేదు. కానీ చెరుకు వరుసలో మాత్రం ఎప్పుడూ ఒకరి వెనక ఒకరే నిలబడేవారు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది. ఆ రోడ్డు మీద చెరుకు బండ్లు లేవు, ఎటు చూసినా వరే. ఫోన్ చేస్తే అరగంటలో కేకు గుమ్మం ముందుకొస్తుంది. పిల్లల్ని కార్లో నిజామాబాద్ తీసుకుపోయి, దీపాలన్నీ వెలిగేదాకా ఉండి, తీరిగ్గా తిరిగొస్తాం. దారిలో ఎవరినీ ఏదీ అడగాల్సిన పని పడదు... అడగాలన్నా, పక్కింటాయన పేరు నాకు తెలియదు.

మీ పండగ కోసం తన వంతు పోగొట్టుకున్న మనిషి మీకెవరైనా ఉన్నారా? ఉంటే, ఇక్కడ ఆయన పేరు రాయండి. చదవాలనుంది.