మెకానిక్ మొదటిసారి చూసిన బండి

కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లు పాత బండి కొనేముందు మెకానిక్‌కు చూపించాలని అందరూ అంటే, ఈ రోజు మా గల్లీ మెకానిక్ యాదన్నను నిజామాబాద్ నుంచి బోధన్ దాకా వెంట తీసుకెళ్లాను. అమ్మే రైతు చెరుకు చేను పక్కన నిలబడి ఎన్ని కిక్కులు కొట్టినా బండి స్టార్ట్ కాలేదు. యాదన్న నేరుగా వెళ్లి, సీటు కింద ఎడమవైపున పిడికిలితో ఒక్కటి గుద్ది, కిక్కు కొట్టాడు. వెంటనే స్టార్టయింది.

“అన్నా, ఈ బండి నీకు ముందే ఎరికేనా?” అనడిగాను.

“లేదు తమ్మీ, గిప్పుడే సూస్తున్న. కండ్లు మూసుకొని తీస్కో.”

రైతు చెరుకు వైపు తిరిగాడు.

నేను బస్సెక్కి వచ్చేశాను. బండిని చూడ్డానికి మెకానిక్ సరే, మెకానిక్‌ను చూడ్డానికి ఎవరిని తీసుకెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి.