యాదమ్మ బీపీ ఎవరి పుస్తకంలో రాయాలి?

మంచం పట్టిన మా అమ్మను చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన యాదమ్మ రోజూ కందుకూరు నుంచి శంషాబాద్‌లోని మా ఇంటికి వస్తుంది. ఈ ఉదయం అమ్మను లేపుతూ కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. అమ్మ బీపీ మిషన్ ఆమె చేతికి కట్టాను. రెండు వందలు దాటింది! కంగారులో, అమ్మ బీపీ రాసే ఏజెన్సీ పుస్తకమే తీశాను.

"అండ్ల రాయకన్నా! వాళ్లు చూస్తే పని మాన్పిస్తరు. జర కూసుంటె తగ్గుతది," అంది.

బీపీ సంగతి ఎత్తకుండా, ఆమెకు ఇన్సూరెన్స్ ఉందా అని ఏజెన్సీకి ఫోన్ చేశాను. "ఆవిడ మా స్టాఫ్ కాదండీ, మీ ఇంట్లో మనిషి," అన్నారు. మా పాలసీలో చేర్చమంటే, "కుటుంబసభ్యులకే సార్," అన్నాడు ఇన్సూరెన్స్ ఏజెంటు.

అమ్మను మా ఆవిడకు అప్పగించి యాదమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాను. చీటీ రాసే అమ్మాయి తలెత్తకుండానే అడిగింది: "పేషెంట్‌కు మీరేమవుతారు?"

మీరైతే ఏం చెప్పేవాళ్లు?