నేను అరవడం మానేసిన ఏడాది

తొంభైల చివర్లో హిందూపురం బయట ఒక పట్టుదారం తీసే యూనిట్‌లో నేను సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. రేకుల షెడ్డు, ఇరవై రెండు బేసిన్లు, వాటి ముందు ఇరవై రెండు మంది ఆడవాళ్లు. మాది పెనుకొండ. పొద్దున ప్యాసింజరుకు వచ్చి, సాయంత్రం ఏ బస్సు దొరికితే ఆ బస్సుకు పోయేవాణ్ణి.

పని ఇంతే. ఉడికిన పట్టుగూళ్లను వేడినీళ్ల బేసిన్లో వేసుకుని, ఒక్కో గూటి కొస వెతికి పట్టి, ఎనిమిది గూళ్ల పోగులను ఒక దారంగా కలిపి పైన తిరిగే రాట్నానికి ఎక్కించాలి. ఒక గూడు అయిపోతే వెంటనే ఇంకో గూటి పోగు అందించాలి. ఆలస్యమైతే ఆ మేర దారం సన్నబడుతుంది. సన్నబడిన దారం ధర్మవరంలో మగ్గం మీద తెగుతుంది. అక్కడ తెగితే ఫిర్యాదు మా యజమానికి వచ్చేది. ఆయన నన్ను అనేవాడు. నేను ఆడవాళ్ల మీద అరిచేవాణ్ణి.

బాగా అరిచేవాణ్ణి. "కండ్లు యాడ పెట్టుకోనుండావు? ఏడే ఉండాయి బేసిన్లో!" అంటే వాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "రాత్రంతా బిడ్డ ఏడ్చె, నీకేం తెలుసు?" అని తిరిగి అనేవాళ్లు. ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరి అత్త మంచం పట్టిందో ఆ గోలలోనే నాకు తెలిసిపోయేది. అప్పుడది గొప్ప విషయమని నేను అనుకోలేదు.

ఆ వేసవిలో నా భార్య చనిపోయింది. కామెర్లు. పెళ్లయి మూడేళ్లు. మొదట పసరు తాగించాం, తర్వాత ఆసుపత్రిలో చేర్చాం. ఎనిమిది రోజుల్లో అయిపోయింది. చేయాల్సినవన్నీ చేశాను. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎక్కడ కూర్చోబెట్టానో అన్నీ గుర్తున్నాయి. ఏడుపు మాత్రం రాలేదు. గట్టివాడని బంధువులు మెచ్చుకున్నారు. దినాలు ముగిసిన మరుసటి రోజే, అమ్మ పెట్టిన సంగటి తిని, ప్యాసింజరు ఎక్కాను.

షెడ్డులోకి అడుగుపెడితే అందరూ చేతులు ఆపారు. మూడో బేసిన్ దగ్గరి ఆమె లేచి వచ్చింది. ఆమె అందరికంటే పెద్దది, ముస్లిం, భర్త బజారులో తాళాలు బాగుచేసేవాడు. వయసుతో పని లేకుండా అందరం ఆమెను అక్క అనేవాళ్లం.

"ఏమప్పా, ఇంకో నాల్గు దినాలు ఇంటికాడ ఉండకూడదా?" అంది.

"ఇంటికాడ ఉండి ఏం చేయల్లక్కా?" అన్నాను. అందరూ తిరిగి పనిలో పడ్డారు.

ఆ రోజు నుంచి నేను అరవలేదు. కావాలని మానలేదు. బేసిన్లో ఏడు గూళ్లు కనిపిస్తే "ఎనిమిది" అనేవాణ్ణి, ముందుకు పోయేవాణ్ణి. నాకు కనిపించేది వాళ్ల చెయ్యే, మొహం కాదు. మొదట్లో వాళ్లు నా బాధ చూసి నెమ్మదించారు. తర్వాత మాట్లాడటమే తగ్గించారు. నెల తిరిగేసరికి షెడ్డులో రాట్నాల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

యజమానికి అది నచ్చింది. ధర్మవరంలో ఒక కల్యాణమండపంలో పట్టు పనివాళ్ల మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు ఒకపూట తరగతి పెట్టారు. నన్ను వెంటబెట్టుకుని పోయాడు. బెంగళూరు నుంచి వచ్చినాయన నాయకత్వం గురించి చెప్పాడు. కోపం వస్తే పది లెక్కపెట్టాలన్నాడు. మనసు అదుపులో ఉన్నవాడే పదిమందిని నడిపిస్తాడన్నాడు. మా యజమాని లేచి నన్ను చూపించాడు. "ఈయప్పకు ఇంట్లో అంత కష్టం వచ్చినా, ఒక్కరి మీద గొంతు లేపల్యా సార్." అందరూ చప్పట్లు కొట్టారు. లేచి నిలబడ్డాను, కూర్చున్నాను. మధ్యాహ్నం పులిహోర పెట్టారు, తిన్నాను. తప్పు చెబుతున్నారని నాకు అనిపించలేదు. ఒప్పని కూడా అనిపించలేదు.

పదకొండో బేసిన్ దగ్గర కర్ణాటక సరిహద్దులోని అగళి నుంచి వచ్చినామె కూర్చునేది. ఇరవై రెండేళ్లుంటాయి. తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగించేది. ఆమె తొలి బిడ్డ, ఎనిమిది నెలల పిల్ల, విరేచనాలు పట్టుకుని పోయింది. ఆరో రోజు ఆమె పనికి వస్తోందని అక్క ముందే చెప్పింది.

"ఆమెకు ఒక మాట చెప్పప్పా. ఏదైనా సరే, ఒక మాట."

సరేనన్నాను. ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడింది. హాజరు పుస్తకం తీసి టిక్కు పెట్టి, "పదకొండో బేసిన్" అన్నాను. రోజూ కూర్చునే చోటే అది. ఆమె ఇంకాసేపు నిలబడింది. తర్వాత పోయింది.

గంట గడిచిందేమో, అక్క కేక వినపడింది. గూళ్లు ఉడికే తొట్టిలో అగళి ఆమె చెయ్యి పెట్టి తీయలేదట. బేసిన్ నీళ్లు చేతికి ఓర్చుకునేంత వేడి, తొట్టి నీళ్లు మరిగే నీళ్లు. అక్కే పక్క నుంచి చూసి లాగింది. మణికట్టు దాకా తోలు ఎర్రగా అయిపోయింది. ఆమె అరవలేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. తడిగుడ్డ చుట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

"నీళ్లు సల్లగుండాయి అనుకొంటి సార్."

ఆ మాట నాకు అర్థమైంది. అర్థమైందని ఆమెకు చెప్పలేదు.

మరుసటి రోజు అన్నాల వేళ అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ అలా వచ్చేది కాదు. గూళ్ల మూట మీద కూర్చుంది.

"నువ్వు తిట్టేటప్పుడే బాగుండె కదప్పా."

నేను ఆమె వైపు చూశాను.

"తిట్టేటప్పుడు మా మొగాలు చూస్తాంటివి. ఇప్పుడు చూడ్డం ల్యా. ఆ పాప నీ ముందర అంత సేపు నిలబడె. నువ్వు బుక్కు చూస్తాంటివి."

"నాకు ఏమీ అనిపించడం లేదక్కా," అన్నాను. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట అది. "ఆమె బిడ్డ పోయిందని తెలుసు. తెలుసు, అంతే. నా ఇంట్లోది పోయిందని కూడా అట్లే తెలుసు. ఏం చెప్పల్ల?"

 అక్క వేళ్ల కొసలు నానిపోయి తెల్లగా ఉన్నాయి, వాటినే చూసుకుంటూ కూర్చుంది.

"అనిపించకపోతే పోనీలే. అడిగేకి నోరుండాది కదా? అడుగు. మేం చెప్తాం. చెప్పేదంకా నిలబడు."

"లోపల ఏమీ లేకుండా అడిగితే అబద్ధం కాదా?"

"నమాజుకు నిలబడిన దినమల్లా మనసు ఆడే ఉంటాదా అప్పా? అయినా నిలబడ్తాం."

మరుసటి పొద్దు నుంచి, నీళ్లు వేడెక్కడానికి బేసిన్లలోకి ఆవిరి వదలకముందే ప్రతి బేసిన్ దగ్గరికీ పోయి అడగడం మొదలుపెట్టాను. మొదట్లో చేత కాలేదు. తొమ్మిదో బేసిన్ ఆమెను "పాపకు ఎట్లుండాది?" అని అడిగితే, "నాకు పాపలు యాడుండారు సార్, ఇద్దరూ మగపిల్లోళ్లే" అంది. షెడ్డంతా నవ్వింది. ఎన్నో నెలల తర్వాత విన్న నవ్వు. నాకు నవ్వు రాలేదు. కానీ మరుసటి రోజు ఆ పిల్లల గురించే అడిగాను.

అడిగితే కొన్ని తెలిశాయి. ఒకామెకు కాళ్ల వాపు. గడప దగ్గరి బేసిన్‌కు మార్చి, ఎత్తు పీట వేయించాను. ఒకామె చంటిబిడ్డ పక్క వీధిలోనే ఉంది, పాలిచ్చి రమ్మని పదకొండుకు పంపేవాణ్ణి. ఇవి పెద్ద పనులు కావు. అంతకుముందు వాళ్లు చెప్పినా చేసేవాణ్ణే, అరిచి చేసేవాణ్ణి.

అగళి ఆమె నెల తర్వాత వచ్చింది. అక్క పక్కనే కూర్చోబెట్టాను. "బిడ్డ ఎట్ల పోయె?" అని అడిగాను. అడగకూడదేమో తెలియదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో కొంత, కన్నడలో కొంత, చాలాసేపు చెప్పింది. బిడ్డ ఏ పక్కకు తిరిగి పడుకునేదో కూడా చెప్పింది. నేను నిలబడి విన్నాను. ఆ సేపంతా రెండు రాట్నాలు ఆగిపోయి ఉన్నాయి. యజమాని వచ్చి ఎందుకు ఆగాయని అడిగాడు.

"నేనే ఆపించినా," అన్నాను. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, పోయాడు.

దసరా నాటికి ధర్మవరం నుంచి ఫిర్యాదులు తగ్గాయి. దానికి ఇదే కారణమని చెప్పలేను. ఆ ఏడాది గూళ్లు కూడా మంచివి వచ్చాయి. పని వదిలిపోదామనుకున్న ఇద్దరు పోలేదు, అదొక్కటి తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు బయటి దేశపు పట్టుదారం బజారు నిండా వచ్చి, మా యూనిట్ మూతపడింది. నేను ధర్మవరంలో దారం పురి పెట్టే షెడ్డులో చేరాను. అక్కడా పదిహేను మందిని చూసుకునేవాణ్ణి. అవన్నీ తర్వాతి సంగతులు. అంతకుముందు జరిగినది ఒకటి ఉంది.

నా భార్య పోయి ఏడాదైన రోజు, ఏటిదినం, ఆదివారం పడింది. పెనుకొండలో మా ఇంటి ముందు ఆరుగురు ఆడవాళ్లు దిగారు. రమ్మని నేను చెప్పలేదు. అక్క ఉంది, అగళి ఆమె ఉంది. అమ్మ బయటికొచ్చి ఎవరని అడిగింది. "మా షెడ్డువాళ్లు," అన్నాను.  వాళ్లు నేరుగా వంటింట్లోకి పోయి కూరగాయలు తరిగారు. అక్క మా అమ్మ పక్కన కూర్చుని నా భార్య గురించి అడిగింది. అమ్మ ఏడ్చింది. నేను అందరి చేతులకూ నీళ్లు పోశాను.

మధ్యాహ్నం స్టేషన్ దాకా తోడు పోయాను. అగళి ఆమె కిటికీ పక్కన కూర్చుంది.

"రేపు నేను రాను సార్. మా అత్తను కంటి ఆసుపత్రికి పిల్చుకుపోవల్ల."

"తోడు ఎవరు వస్తాండారు?" అని అడిగాను.

రైలు కదిలింది. ఆమె చెప్పినది సగమే వినపడింది. మంగళవారం పనికి వచ్చాక, ఆవిరి వదలకముందే, మిగతాది చెప్పింది.