తోడల్లుడి ఇంటి కాగితాలు

రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దస్తావేజులు రాసే ఆయనకు, మొదటిసారి ఇల్లో స్థలమో కొనేవాళ్ళంటే ప్రాణం. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వేళ్ళు మడుస్తూ మరీ చెబుతాడు: "ముప్పై ఏళ్ళ కాగితాలు చూడండి. వాన పడుతుండగా వెళ్ళి చూడండి. అమ్మేవాణ్ణి కాదు, పక్కింటివాళ్ళని అడగండి." ఇంతమంది చేత కొనిపించినా, తాను మాత్రం ఇప్పటికీ రెండు గదుల అద్దె వాటాలోనే ఉన్నాడు.

ఒకరోజు తోడల్లుడు తాను కొనబోయే ఇంటి కాగితాలు తెచ్చిచ్చాడు. ఎక్కడో ఒక మెలిక దొరక్కపోతుందా అని ఆయన ప్రతి పంక్తీ రెండుసార్లు చదివాడు. దొరకలేదు. జోరువానలో గొడుగు వేసుకుని వెళ్ళి చూశాడు. వీధిలో చుక్క నీరు నిలవలేదు. పక్కింటావిడ కూడా మంచిమాటే చెప్పింది. ఆయన తన అద్దె వాటాకి తిరిగొచ్చి, తడిసిన గొడుగు గుమ్మంలోనే విసిరికొట్టాడు. మర్నాడు ఆఫీసుకొచ్చిన తోడల్లుడితో, "ఎందుకో నాకు నచ్చలేదయ్యా, వదిలెయ్," అన్నాడు. అతను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "మీరు వద్దంటే వద్దు అన్నయ్యా. మీకు తెలియనిదేముంది?" అతను గేటు దాటేదాకా ఆయన చేతిలో కలం కదల్లేదు. తర్వాత చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి, అతని భుజం పట్టుకుని, తిడుతున్నట్టే అన్నాడు: "ఆ ఇంట్లో ఏ లోపమూ లేదు. నాకే కళ్ళు కుట్టాయి. వెళ్ళి కొనుక్కో!"