దొర పోయినాక ఇచ్చిన చుంగాణి

తిరువళ్లూరులో గూడ్సు గార్డు కుప్పుస్వామి బీడీ కూడా ముట్టడు. అయినా ఆయన ఇంట్లో బిస్కెట్ డబ్బాల నిండా పొగాకు దట్టించి పీల్చే ఇంగ్లీషు చుంగాణీలే, మొత్తం ఇరవై మూడు. అన్నీ బ్రయర్ అనే సీమ పొద వేరుతో చెక్కినవి. చాలావరకు మద్రాసు మూర్ మార్కెట్లో పాత సామాన్ల మధ్య గొంతుక్కూర్చుని బేరమాడి తెచ్చుకున్నవి. చుంగాణి మెడకున్న వెండి పట్టీ మీద లంగరు, సింహం, ఒక అక్షరం ముద్రవేసి ఉంటాయి. ఆ అక్షరాన్ని బట్టి అది ఏ ఏడు తయారైందో చెప్పేస్తాడు. అక్షరాల పట్టికంతా నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. ఆదివారం భూతద్దం పట్టుకున్నాడంటే అన్నం చల్లారిపోవాల్సిందే.

ఇరవై రెండింటికి తయారైన ఏడాది తేల్చాడు. ఇరవై మూడోదాని జోలికి మాత్రం పోలేదు. అది నాయనది.

నాయన మునికృష్ణ అరక్కోణంలో ఒక రైల్వే దొర దగ్గర బట్లరు. ఈ చుంగాణి ఎక్కడిదని ఎవరడిగినా, "దొర పోయినాక ఇచ్చినాడు" అనేవాడు. విన్నవాళ్లు పగలబడి నవ్వేవారు. తెలుగూ అరవమూ కలగలిపే మనిషి గనుక, "పోయేటప్పుడు" అనబోయి అలా అన్నాడని సరిపెట్టుకునేవారు. కుప్పుస్వామి బావమరిది దండపాణికి ఆపాటి మర్యాద కూడా లేదు.

"పోయినోడు ఎట్లిస్తాడు బావా? మామ కొట్టేసింటాడులే!"

నవ్వులాటకే అన్నాడు. కానీ అది విన్నాక నాయన బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ మాటెత్తలేదు. కుప్పుస్వామికి అదే బాధ. దొర సీమకు ఓడెక్కింది 1930లోనని వీడ్కోలు ఫోటో వెనక రాసుంది. పట్టీ మీది అక్షరం ఆ తర్వాతిదైతే, నాయన అబద్ధమాడినట్టే. అందుకే పట్టీ నల్లబడి అక్షరం కనబడకపోవడమే మేలనుకున్నాడు.

1979లో ఆడికృత్తిక పండగ ముందు, భార్య దేవసేన పుట్టింటివాళ్లు పంపిన తిరుత్తణి విభూతితో వెండి కుందులు తోముతూ, చేతికందిందని ఆ పట్టీని కూడా తోమేసింది.

"ఇంద చూడయ్యా, ఎట్ల మెరుస్తాందో!"

ఇక చూడక తప్పలేదు. హెచ్. నోటుబుక్కు తిప్పాడు. 1932.

"నాయన అబద్ధమే చెప్పినాడు దేవసేనా," అన్నాడు.

"మామ ఏం చెప్పినాడు? సరిగ్గా చెప్పు."

"దొర పోయినాక..."

అక్కడే ఆగిపోయాడు. పోయినాకే! సీమకు పోయిన దొర, రెండేళ్ల తర్వాత కూడా అరక్కోణం బట్లరును మర్చిపోక, కొత్తది కొని పంపించాడు. అలాంటి కొత్త సీమ చుంగాణిని బట్లరుకు ఇంకెవరిస్తారు? నాయన ఒక్క అక్షరం తప్పు పలకలేదు. తప్పుగా విన్నది లోకం, అందులో తనూ ఒకడు. కుప్పుస్వామి నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

పండక్కి వచ్చిన దండపాణి తళతళలాడే పట్టీ చూసి, "ఇది యాడిది బావా, కొత్తదా?" అన్నాడు.

"నాయనది. దొర పోయినాక ఇచ్చినాడు," అన్నాడు కుప్పుస్వామి, భూతద్దం అతని చేతికిస్తూ.