బావ గళ్ల కాగితాలు, నా పాటల ఫోను

పాటలు, కెమెరా, మెమరీ కార్డు, ఈ మూడూ ఉన్న ఫోను ఎల్బీనగర్‌లోని మా గల్లీలో మొదట కొన్నది నేనే. ఇప్పుడీ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. తెరను పైకి జరిపితే కింద నంబర్ల మీటలు బయటపడే ఫోను అది. తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. కొన్న మొదటి వారం అవసరం ఉన్నా లేకపోయినా దాన్ని పైకీ కిందికీ జరుపుతూనే ఉన్నాను. ఆ టక్కుమనే చప్పుడు సిటీ బస్సులో నలుగురికీ వినపడాలని నా తాపత్రయం. వినపడింది కూడా. ఒకాయన విసుగొచ్చి లేచి వేరే సీట్లో కూర్చున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో, కార్డు ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చే చిన్న షాపు ఒకటి ఉండేది. చాలామంది కార్డు ఇచ్చేసి, ఏవో ఒకటి నింపమని చెప్పి వెళ్లి చాయ్ తాగి వచ్చేవారు. నేను అలా కాదు. స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో పాటా విని మరీ ఎంచుకునేవాణ్ని. షాపాయన మొహం మాడ్చుకునేవాడు, అయినా నేను లేచేవాణ్ని కాదు. కార్డులో చోటు తక్కువ. పాతిక ముప్పై పాటలకే నిండిపోయేది. కొత్త పాట ఒకటి రావాలంటే పాత పాట ఒకటి పోవాలి. ఏది తీసెయ్యాలో తేల్చుకోలేక ఆదివారాలు గడిచిపోయేవి. బ్లూటూత్‌లో ఎవరికైనా పాట పంపితే, అది చేరేదాకా రెండు ఫోన్లనీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి, కదిలించకుండా కాపలా కాసేవాళ్లం. అదొక పనిగా, పైగా గొప్ప పనిగా అనిపించేది.

మా అక్కాబావలు మాకు రెండు గల్లీల అవతల కిరాయికి ఉండేవారు. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఊళ్లో ఉన్నప్పుడు బావ చీరలకు డిజైన్లు గీసేవాడు. మా చీరల మీది చిలకలూ ఏనుగులూ నేసిన తర్వాత అద్దేవి కావు. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, ఏ గడిలో ఏ రంగు రావాలో నింపుతారు. ఆ గడులు లెక్కపెట్టుకుంటూ, రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కడతారు. ఆ తర్వాతే రంగులో ముంచడం, మగ్గానికి ఎక్కించడం. ఒక్క గడి లెక్క తప్పినా చిలక ముక్కు పక్కకు పోతుంది. అంటే చీరంతా ముందు ఆ కాగితంలోనే ఉంటుంది.

ఊళ్లో మగ్గాలు ఆగిపోయాక బావ సిటీకి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూంలో సేల్స్‌మన్‌గా చేరాడు. వారమంతా నిలబడి, వేరేవాళ్లు గీసిన చీరలు పరిచి చూపించడం. సెలవు దొరికిన రోజు వరండాలో చాప వేసుకుని తనవి గీసుకోవడం. అలా గీసినవి ఏళ్లు గడిచేసరికి అరవైకి పైనే అయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా మగ్గం ఎక్కలేదు. ఏదో ఒక రోజు ఎక్కుతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం గురించి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అన్నం తిన్నాక చేతులు రెండుసార్లు కడుక్కుని గాని ఆ కాగితాలు ముట్టుకునేవాడు కాదు, దాన్ని బట్టే మాకు తెలిసేది.

నన్ను మాత్రం ఆట పట్టించేవాడు. నా చేతిలో ఫోను కనపడితే చాలు, అదేదో బర్రె అయినట్టు, ఇయ్యాల పాలెంత ఇచ్చిందని అడిగేవాడు. నేను ఉడుక్కునేవాణ్ని. కానీ దాంట్లో కొత్త సంగతి ఏది కనిపెట్టినా ముందు ఆయన దగ్గరికే పరిగెత్తేవాణ్ని. ఎందుకంటే మా ఇంట్లో నేను చెప్పేది చివరిదాకా వినేది ఆయనొక్కడే.

ఇంటి ఓనరు తన కొడుకు పెళ్లికి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అక్కాబావలకు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మూడో అంతస్తులో రెండు గదుల పోర్షన్ దొరికింది. కాగితాలున్న రేకు పెట్టె అక్కడికి రాదని అక్క ముందే తేల్చి చెప్పింది. ఆమెదీ తప్పు కాదు. ఆ వానాకాలం పెట్టెకు చెమ్మ తగిలి కాగితాల అంచులను పురుగు తినడం మొదలుపెట్టింది. ఆ పురుగే బీరువాలోకి, బట్టల్లోకి వస్తుందని ఆమె భయం. బావ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడో రోజు పెద్దమనిషి తరహాలో నేను దిగాను.

"ఈ కాగితాలు ఎందుకు మోస్తవ్ బావా," అన్నాను. "అన్నీ నా ఫోన్ల దించుత. పురుగు పట్టది, చెమ్మ రాదు. నీకెప్పుడు కావాలంటె అప్పుడు తీసిస్త."

ఆయన నా ఫోను తీసుకుని తెరను కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. దీంట్లో గడుల లెక్క కనపడుతుందా అని అడిగాడు. చూపిస్తానన్నాను.

మర్నాడు పొద్దున డాబా మీద ఎండలో మొదటి కాగితం పరిచాం. నాలుగు మూలలా చెంబులూ గ్లాసులూ బరువు పెట్టాం. కెమెరాను అన్నిటికంటే మంచి రకం ఫొటో మీద పెట్టి, ఆ ఒక్క కాగితాన్ని నాలుగు ముక్కలుగా నాలుగు ఫొటోలు తీశాను. పెద్దది చేసి చూపించాను. బావ తెర మీద చూపుడువేలు ఆనించి, చిలక రెక్కలో గడులు లెక్కపెట్టాడు. పదకొండు. కాగితం మీద లెక్కపెట్టాడు. పదకొండు. తలెత్తి నా వైపు చూసి నవ్వాడు. ఇన్నేళ్లలో నా ఫోనును చూసి ఎగతాళి లేకుండా నవ్వింది ఆ ఒక్కసారే.

మూడో కాగితం దగ్గర మెమరీ నిండిందని ఫోను చెప్పింది. కార్డు నిండా పాటలు. అంతకుముందు ఆదివారమే రోజంతా కూర్చుని ఎక్కించుకున్నవి. వాటిని తీసేస్తే కాగితాలన్నీ నాలుగేసి ముక్కలుగా, గడి గడీ తెలిసేలా వచ్చేవి. లేదా కార్డు పట్టుకుని రెండు స్టాపుల దూరంలో ఉన్న నెట్ సెంటరుకు పోయి, ఫొటోలు సీడీలోకి ఎక్కించుకుని మళ్లీ వచ్చి తీయొచ్చు. ఎండ ముదురుతోంది. నాకు బద్ధకమేసింది. పాటలు తీసెయ్యడానికి మనసు రాలేదు.

అప్పుడు నేను చేసిన పని ఇది. బావను ఒక్క నిమిషం ఆగమని పిట్టగోడ వైపు తిరిగాను. తీసిన మంచి ఫొటోలు చెరిపేశాను. ఫొటో సైజును అన్నిటికంటే చిన్నదానికి మార్చాను. ఇక మొదటి కాగితం నుంచి మళ్లీ మొదలుపెట్టి, కాగితానికి ఒకే ఒక్క ఫొటో. ఇప్పుడు ముక్కలుగా ఎందుకు తీయడం లేదని బావ ఒకసారి అడిగాడు. ఇట్లనే మంచిగొస్తయ్ అని చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు. ఫోన్ల సంగతి నాకు తెలుసని ఆయనకు నమ్మకం.

గంటలో పని అయిపోయింది. ఇద్దరం నీడలో కూర్చుని ఒక్కోటీ చూశాం. ఆ చిన్న తెర మీద అన్నీ ఎంతో ముద్దుగా కనిపించాయి. ఎరుపులు, నీలాలు మెరిసిపోతున్నాయి. అంత చిన్న తెరలో ఏ ఫొటో అయినా బాగానే కనపడుతుందని నాకు తెలియదా? తెలుసు. పెద్దది చేసి చూస్తే ఏమవుతుందో కూడా తెలుసు. అందుకే పెద్దది చెయ్యలేదు.

రెండు రోజుల తర్వాత పాత పేపర్లు కొనేవాడు గల్లీలోకి వచ్చాడు. కాగితాల కట్ట కిందికి మోసింది నేనే. ఒకటి రెండయినా ఉంచుకుందామా అని మెట్ల మీద నిలబడి బావ అడిగాడు. నేను నవ్వాను. పాతకాలం మనిషివి బావా నువ్వు అన్నాను. ఆయన కిందికి దిగలేదు. త్రాసులో వేసి తూచేటప్పుడు కూడా రాలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఆ నవ్వే. ఫొటో తప్పు తీశానంటే అర్థముంది, ఆ నవ్వు ఎందుకు నవ్వాను?

తర్వాత ఎన్ని ఫోన్లు మార్చానో నాకే లెక్క లేదు. తాకితే పనిచేసే తెర వచ్చింది, ముందు కెమెరా వచ్చింది, కార్డుల్లో చోటు ఎంత కావాలంటే అంత వచ్చింది. పాత ఫోను ఇచ్చేసే ప్రతిసారీ ఆ ఫొటోలను జాగ్రత్తగా కొత్తదానిలోకి ఎక్కించుకునేవాణ్ని. ఒక్కటి కూడా పోనివ్వలేదు. అదే నా బాధ్యత అన్నట్టు, అంతా సవ్యంగా ఉన్నట్టు నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ని.

కొన్నేళ్లకు ఊరి నుంచి బావకు ఒక ఫోన్‌కాల్ వచ్చింది. చిన్నప్పుడు ఆయనతో కలిసి పని నేర్చుకున్న మిత్రుడు నాలుగు మగ్గాలు మళ్లీ మొదలుపెడుతున్నాడు. పాత బొమ్మలు అందరి దగ్గరా ఉన్నాయి, నీ కొత్తవి పట్టుకుని వచ్చెయ్, ఇద్దరం కలిసి చేద్దామన్నాడు. బావ ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. షోరూంలో ఒకటో తారీఖు నుంచి రానని చెప్పేస్తానన్నాడు. ఆయన అంత గబగబా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఫొటోలు పెద్దగా ప్రింటు తీయించమన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటోలు ప్రింటు తీసే షాపుకు ఇద్దరం వెళ్లాం. కంప్యూటరు తెర మీద మొదటి ఫొటో తెరిచి పెద్దది చేశారు. ఎరుపు నీలంలో కలిసిపోయింది. గీతలు లేవు. గడులు లేవు. చిలక ఉందని తెలుస్తోంది, దాని రెక్కలో ఎన్ని గడులో దేవుడికి కూడా తెలియదు.

"అన్నా, దీంట్ల ఏం లేదు," అన్నాడు షాపతను. "ఎంత పెద్దగ చేసినా గింతే."

బావ అన్నీ తెరిపించాడు. అరవై పైచిలుకు ఫొటోలు, చివరిదాకా. ఒకటన్నా దొరుకుతుందేమోనని. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను.

కొత్త గళ్ల కాగితాలు కొని, ఆ మసక ప్రింట్లు పక్కన పెట్టుకుని నెలన్నర గీశాడు. రెండు కుదిరాయి, అవి కూడా మొదటివాటిలా లేవని ఆయనే పక్కన పెట్టాడు. అవతల మిత్రుడు ఎంతకాలమని ఆగుతాడు? వేరేవాళ్ల డిజైన్లతో మగ్గాలు నడిపించాడు. బావ షోరూంలోనే ఉండిపోయాడు. ఆ మిత్రుడి మగ్గాల మీద నేసిన చీరలు మరుసటి ఏడు ఆ షోరూంకే వచ్చాయి. వాటిని కూడా బావే పరిచి చూపించాడు. ఈ సంగతి అక్క చెబితే తెలిసింది.

అప్పట్లో ఒకసారి, నేను తలదించుకుని కూర్చుని ఉంటే ఆయనే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అప్పటి ఫోన్లు గంతే గద బామ్మర్ది. నువ్వేం జేస్తవ్."

అవు బావా అన్నాను. ఆ ఒక్క మాట వెనక పదిహేనేళ్లు దాక్కున్నాను. పండగలకు కలిశాం, పెళ్లిళ్లకు పోయాం, అక్క చేతి వంట తిన్నాను. చుట్టాలెవరైనా ఆ కాగితాల ఊసెత్తితే, నన్ను ఎవరూ ఏమీ అనకముందే ఆయన అడ్డుపడేవాడు. పాపం పిలగాడు మంచికే చేసిండు, ఫోనే అసొంటిది అనేవాడు. అది విన్న ప్రతిసారీ నేను ఇంకొంచెం చిన్నవాణ్ని అయ్యేవాణ్ని.

మోకాళ్లు అరిగిపోయి బావ రెండేళ్ల కింద పని మానేశాడు. పోయిన నెల ఒక పొద్దున కొత్త ఫోను పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అలవాటు చొప్పున ముందు ఆయనకే చూపించాను. బావ దాంతో తన భుజం మీది తువ్వాలును ఫొటో తీశాడు. వేళ్లతో పెద్దది చేసుకుంటూ పోయాడు. నూలు పోగు పోగూ విడివిడిగా కనిపించింది. కళ్లజోడు సర్దుకుని పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపి, ఇది అప్పుడుంటే, అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. అప్పటి ఫోను కూడా ఆ పనికి సరిపోయేదని చెప్పాను. చిలక రెక్కలో పదకొండు గడులు ఆయనే లెక్కపెట్టిన సంగతి గుర్తుచేశాను. కార్డు నిండిపోయిందని, పాటలు తీసెయ్యబుద్ధి కాక మంచి ఫొటోలు చెరిపేసి చిన్నవి తీశానని, పిట్టగోడ వైపు తిరిగి చేసిన పనంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. వంటింట్లో అక్క గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

బావ ఫోనును మంచం మీద పెట్టాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను. నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"ఏం పాటలు?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఎంత ఆలోచించినా ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.